తొమ్మిది విమానాలు, ఒకే చూపు: సైనిక వైమానిక ప్రదర్శనల మీద ఒక ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం.

వైమానిక ప్రదర్శన చూసి ఇంటికి వెళ్ళినవాళ్ళు మొట్టమొదట అనే మాట, "ఎంత ధైర్యమండీ వాళ్ళకి!" అని. ధైర్యం ఉంది, ఎవరూ కాదనరు. ఈ గంటసేపు మాత్రం ఆ మాట పక్కన పెడదాం. తొమ్మిది జెట్ విమానాలు ఒకదానికొకటి అయిదారు మీటర్ల దూరంలో ఉండి లూప్, అంటే ఆకాశంలో నిలువుగా ఒక పూర్తి చుట్టు, తిరగాలంటే లోపల ఎవరు ఎటు చూడాలి? ఎంత ఎత్తు కావాలి? ఎక్కడ తప్పుతుంది, ఎందుకు తప్పుతుంది? ఈవేళ మాట్లాడుకునేది అదీ.

చరిత్ర క్లుప్తంగా చెప్పేస్తాను. 1958లో ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరోలో బ్రిటిష్ వైమానిక దళం 111వ స్క్వాడ్రన్, అంటే బ్లాక్ యారోస్, 22 హంటర్ విమానాలతో ఒకే లూప్ తిరిగింది. అంత పెద్ద గుంపుతో లూప్ తిరగడం అప్పటికి ఎవరూ చేయని పని. 1965లో బ్రిటన్ జట్టు రెడ్ యారోస్ నాట్ (Gnat) అనే చిన్న జెట్ విమానాలు ఏడింటితో మొదలై, 1968 నుంచి తొమ్మిదితో ఎగిరాయి. మన దగ్గర 1982లో, వైమానిక దళ స్వర్ణోత్సవాల ఏడాది, 20వ స్క్వాడ్రన్ నుంచి తొమ్మిది హంటర్లతో థండర్‌బోల్ట్స్ జట్టు కట్టారు. నీలం, తెలుపు రంగులు. ఆ దశాబ్దం చివరికి హంటర్లతో పాటు ఆ జట్టూ వెళ్ళిపోయింది. 1996లో బీదర్‌లో కిరణ్ మార్క్-2 విమానాలతో సూర్యకిరణ్ మొదలైంది. ముందు ఆరు, 1998 నాటికి తొమ్మిది. మన హైదరాబాద్ వాళ్ళకి ఆ జట్టు కొత్త కాదు. బీదర్ పక్కనే. దుండిగల్ వైమానిక దళ అకాడమీలో పాసింగ్ అవుట్ పరేడ్ రోజున చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మేడలెక్కి చూసింది ఆ ఎరుపు, తెలుపు విమానాలనే.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. రెడ్ యారోస్ నాట్‌లో ఉన్నది ఓర్ఫియస్ ఇంజిన్. ఇటలీ జట్టు ఫ్రెచ్చె త్రికొలోరి 1981 దాకా ఎగిరిన ఫియట్ జి-91లోనూ ఓర్ఫియసే. మన కిరణ్ మార్క్-2లోనూ అదే కుటుంబం. మూడు దేశాల జట్లు ఒకే ఇంజిన్ వంశం మీద ఎగిరాయన్నమాట. చిన్నది, తేలికైనది, విడిభాగాలు తక్కువ, థ్రాటిల్ (ఇంజిన్ బలం పెంచే, తగ్గించే పిడి) మాట వినేది. విన్యాసాలకి బలమైన ఇంజిన్ కంటే అడిగినంతే ఇచ్చే ఇంజిన్ కావాలి. ఎందుకో ఇప్పుడు చూద్దాం.

ఫార్మేషన్‌లో, అంటే ఒక ఆకారం కట్టి కలిసి ఎగిరేటప్పుడు, లీడర్ ఒక్కడే ముందుకి చూస్తాడు. మిగతా ఎనిమిది మందీ చూసేది లీడర్ విమానాన్ని. నేల, ఆకాశం, వేగం చూపే ముల్లు, వీటికి వాళ్ళ కళ్ళలో చోటు లేదు. ప్రతి పైలట్‌కీ రెండు గుర్తులు ఇస్తారు. ఉదాహరణకి, లీడర్ రెక్క కొసన ఉన్న దీపం ఆ లీడర్ విమానం ఒంటి మీది ఫలానా బిందువు మీద పడాలి. దీపం ఆ బిందువు కంటే ముందుకి జరిగితే నువ్వు వెనకబడ్డావు. పైకి జరిగితే నువ్వు కిందికి దిగావు. ఆ రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చుని ఉన్నంతసేపు నువ్వు నీ చోట ఉన్నట్టు. తల్లకిందులుగా ఉన్నా అంతే, నిటారుగా లేస్తున్నా అంతే.

మరి మూడో వరుసలో ఉన్నవాడు ఎవర్ని చూడాలి? తన పక్కవాణ్ణి చూస్తే చాలదా? చాలదు. లీడర్ కదిలిన అర సెకనుకి పక్కవాడు కదులుతాడు, ఇంకో అర సెకనుకి వాడి పక్కవాడు. ఆలస్యంగా కదిలినవాడు కాస్త ఎక్కువ కదులుతాడు, వాడి పక్కవాడు ఇంకాస్త ఎక్కువ. పిల్లలు చేతులు పట్టుకుని వరుసగా పరిగెడుతూ మలుపు తిరిగితే చివరివాడు ఎగిరి అవతల పడతాడు చూడండి, ఆకాశంలోనూ అదే జరుగుతుంది. అందుకే చివరివాడు కూడా పక్కవాడి మీదుగా, వాణ్ణి దాటి, లీడర్‌ని చూస్తాడు. పక్కవాడి మీద ఒక కన్ను, గుద్దుకోకుండా. అసలు చూపు లీడర్ మీదే.

లీడర్ కష్టం వేరే రకం. తను ఒక్కడే ఎగురుతున్నట్టు ఎగరకూడదు. ఒక లెక్క చెప్తాను. వజ్రం ఆకారంలో లీడర్‌కి 40 మీటర్లు పక్కన ఒక విమానం ఉందనుకోండి. లీడర్ 60 డిగ్రీలు ఒరిగితే, ఆకారం చెదరకుండా ఉండాలంటే బయటి వైపున్న ఆ విమానం దాదాపు 35 మీటర్లు పైకి లేవాలి. లోపలి వైపున్నవాడు అంతే కిందికి దిగాలి. లీడర్ మూడు సెకన్లలో ఒరిగేస్తే బయటివాడు సెకనుకి 12 మీటర్ల చొప్పున ఎక్కాలి, ఎక్కి మళ్ళీ ఠక్కున ఆగాలి. అది సాగదు. అదే ఆరు సెకన్లు తీసుకుంటే సాగుతుంది. అందుకే మంచి లీడర్ ఒరగడం చూస్తే కాస్త బద్ధకంగా ఒరుగుతున్నాడా అనిపిస్తుంది. ఒరగబోయే ముందు రేడియోలో చెప్తాడు, అదీ సాగదీసిన గొంతుతో. మాట మొదట్లో థ్రాటిల్ మీద చెయ్యి సిద్ధం, మాట చివర్లో కదలిక. ఆ మాట లయ రోజూ ఒకేలా ఉండాలి. లీడర్ మారితే జట్టు కొత్తగా నేర్చుకునే మొదటి సంగతి ఆ గొంతే.

లూప్‌లో ఇంకో చిక్కు. వెనక వరుసలవాళ్ళు లీడర్‌కి కాస్త దిగువన ఉంటారు, లీడర్ కనపడాలి కాబట్టి, ముందువాడి ఇంజిన్ సెగ తగలకూడదు కాబట్టి. లూప్ మొదలవగానే ఆ దిగువ కాస్తా వృత్తానికి బయటి వైపు అవుతుంది. లీడర్ వ్యాసార్థం 800 మీటర్లయితే, 12 మీటర్లు దిగువన ఉన్నవాడిది 812. అంటే అతను ఒకటిన్నర శాతం ఎక్కువ వేగంతో పోవాలి. 300 నాట్ల దగ్గర నాలుగున్నర నాట్లు (ఇక్కడ నాట్ అంటే వేగం కొలత, గంటకి 1.85 కిలోమీటర్లు). చిన్న సంఖ్యే. కానీ విమానం నిటారుగా లేస్తూ బరువుతో వెనక్కి లాగుతున్నప్పుడు అది అడగాలి. లీడర్ అప్పటికే ఫుల్ థ్రాటిల్ మీద ఉంటే వెనకవాడికి ఇక ఎక్కడ్నించి తేవాలి? అందుకే లీడర్ తన ఇంజిన్‌ని ఎప్పుడూ పూర్తిగా వాడడు. ఆ మిగులు అతనిది కాదు, వెనకవాళ్ళది. కొన్ని జట్లలో ఎయిర్‌బ్రేక్, అంటే గాలికి అడ్డుపడి వేగం తగ్గించే పలక, కొంచెం తెరిచి ఉంచుతారు. ఆ రోజుల ఇంజిన్లు తక్కువ తిప్పుడు (ఇంజిన్ తిరిగే వేగం) నుంచి పైకి రావడానికి కొన్ని సెకన్లు తీసుకునేవి. ఎయిర్‌బ్రేక్ తెరిచి ఉంటే ఇంజిన్ పై తిప్పుడులోనే ఉంటుంది, అడగ్గానే పలుకుతుంది.

కంట్రోల్ స్టిక్ విషయంలోనూ ఒక పద్ధతి ఉంది. మామూలు పైలట్ విమానాన్ని ట్రిమ్ చేసి, చేతికి బరువు లేకుండా చూసుకుంటాడు. ఫార్మేషన్ పైలట్లు చాలామంది కావాలనే ముక్కు కిందికి దిగేలా ట్రిమ్ చేస్తారు, స్టిక్‌ని ఎప్పుడూ వెనక్కి పట్టి ఉంచాల్సి వస్తుంది. స్టిక్ మధ్యలో ఉన్నప్పుడు అటూ ఇటూ కొంచెం ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీలో చేతికి ఏమీ తెలియదు. ఒక వైపు బరువుంటే ఆ ఖాళీ పోతుంది, వేలెడంత కదలిక కూడా చేతికి అందుతుంది. అమెరికా నౌకాదళ జట్టు బ్లూ ఏంజెల్స్ దీన్ని చాలా దూరం తీసుకెళ్ళింది. స్ప్రింగ్ బిగించి, ముంజేతిని తొడ మీద ఆనించి ఎగురుతారు. జి-సూట్, అంటే రక్తం కిందికి దిగకుండా కాళ్ళని నొక్కి పట్టే దుస్తు, గాలి నింపుకుంటే తొడ ఉబ్బి చెయ్యి కదులుతుందని అది వేసుకోరు. రక్తం కిందికి దిగకుండా కండరాలు బిగించుకోవడమే దారి.

కిరణ్‌కి ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. అందులో సీట్లు పక్కపక్కన. పైలట్ ఎడమ సీట్లో కూర్చుంటే, లీడర్‌కి కుడి వైపున ఎగిరేవాడికి తన ఎడమ కిటికీలోంచి అన్నీ తేటగా కనిపిస్తాయి. లీడర్‌కి ఎడమ వైపున ఎగిరేవాడు మాత్రం ఖాళీ సీటు మీదుగా, కాక్‌పిట్ అవతలి అంచు మీదుగా చూడాలి. గుర్తులు వేరు, కోణం వేరు. అందుకే ఎడమ వైపు నేర్చుకున్నవాణ్ణి ఒక్క రోజులో కుడి వైపుకి మార్చడం కుదరదు. జట్టులో ఎవరి నంబరు వాళ్ళదే.

అన్నిటికంటే కష్టమైన ఆకారం ఏదంటే, అందరూ ఒకే గీత మీద పక్కపక్కన ఉండే వరుస. చూసేవాళ్ళకి వజ్రం గొప్పగా ఉంటుంది, వరుస మామూలుగా ఉంటుంది. ఎగిరేవాళ్ళకి సరిగ్గా తిరగబడి. తల పూర్తిగా 90 డిగ్రీలు పక్కకి తిప్పి, ఆ మెడతోనే 4 జి, అంటే మామూలు బరువుకి నాలుగింతలు, భరిస్తూ, ఏటవాలు గుర్తులేవీ లేకుండా చోటు కాపాడుకోవాలి. వరుసతో లూప్ బాగా తిరిగిన జట్టుని ఎక్కడ చూసినా లేచి చప్పట్లు కొట్టండి.

ఒక్కడినే చూడటంలో ఉన్న ప్రమాదం ఆ వరుసలోనే బయటపడింది. 1982 జనవరి 18న అమెరికాలో నెవాడా ఎడారిలోని ఇండియన్ స్ప్రింగ్స్ దగ్గర అమెరికా వైమానిక దళ జట్టు థండర్‌బర్డ్స్ నాలుగు టీ-38లతో వరుస లూప్ సాధన చేస్తోంది. లీడర్ విమానంలో, ముక్కుని పైకీ కిందికీ తిప్పే తోక స్టెబిలైజర్‌ని నడిపే భాగం ఇరుక్కుపోయిందని విచారణలో తేల్చారు. అతను లాగాల్సినంత లాగలేకపోయాడు. మిగతా ముగ్గురూ చక్కగా తమ చోట ఉన్నారు. నాలుగు విమానాలూ దాదాపు ఒకేసారి నేలని తాకాయి. ఆ ముగ్గురి విమానాల్లో ఏ లోపమూ లేదు. వాళ్ళ పనిలోనూ లేదు. లీడర్‌కి ఏదైనా అయితే మిగతావాళ్ళకి ఎలా తెలియాలి, ఎవరు చెప్పాలి అన్నది ప్రతి జట్టూ గట్టిగా ఆలోచించింది ఆ తర్వాతే. నేల మీద నిలబడి, ఎత్తు కనిపెడుతూ, రేడియోలో ఒక్క మాటతో ఆపగల సేఫ్టీ ఆఫీసర్ ఎందుకు అవసరమో చెప్పడానికి ఇంతకంటే బలమైన కారణం నాకు తెలీదు.

ఇప్పుడు ఎత్తు సంగతి. ఇదే ఎక్కువమందిని తీసుకుపోయింది, కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను.

లూప్‌లోకి 300 నాట్లతో వెళ్ళి, పై కొసన 130 నాట్లతో ఉన్నామనుకోండి. ఇంజిన్ తోపు, గాలి నిరోధం ఒకదానికొకటి చెల్లిపోయాయనుకుంటే, పోయిన వేగమంతా ఎత్తుగా మారింది. లెక్కేస్తే దాదాపు 980 మీటర్లు, అంటే 3,200 అడుగులు. కింద 500 అడుగుల దగ్గర మొదలుపెడితే పై కొస 3,700 అడుగులు. దిగేటప్పుడు ఇదే ఎత్తు మళ్ళీ ఖర్చవుతుంది. అందుకే పై కొసన రెండు షరతులు ఉంటాయి: ఇంత ఎత్తుకి తగ్గకూడదు, ఇంత వేగానికి మించకూడదు. వీటిని గేట్ అంటారు. రెండిట్లో ఏ ఒక్కటి తప్పినా దిగువ సగం మొదలుపెట్టకూడదు. అక్కడే విమానాన్ని తిప్పి నిటారు చేసుకుని బయటికి వెళ్ళిపోవాలి. జనానికి ఆ తేడా తెలియను కూడా తెలియదు.

వేగం ఎందుకు మించకూడదు? వ్యాసార్థం వేగానికి వర్గంగా పెరుగుతుంది. 300 నాట్ల దగ్గర 4 జి లాగితే, అడుగున వంపు వ్యాసార్థం సుమారు 800 మీటర్లు. 330 నాట్లయితే 970 పైచిలుకు. పది శాతం వేగం, 170 మీటర్ల ఎత్తు. కింద మీ దగ్గరున్న మిగులే 150 మీటర్లు.

మన దక్కన్ పీఠభూమి మీద ఇది ఇంకా గట్టిగా తగులుతుంది. బీదర్ విమానాశ్రయం సముద్ర మట్టానికి దాదాపు 2,200 అడుగుల ఎత్తున ఉంది. ఎండాకాలం 35 డిగ్రీల రోజున అక్కడి గాలి, ప్రామాణిక వాతావరణంలో 5,000 అడుగుల ఎత్తున ఉండే గాలంత పలచన. వేగం చూపే ముల్లు అదే 300 చూపిస్తుంది, కానీ విమానం నిజంగా పోయేది ఎనిమిది శాతం ఎక్కువ. వ్యాసార్థం పదహారు శాతం ఎక్కువ. ఇంజిన్ తోపు మాత్రం తక్కువ. విశాఖ తీరంలో డిసెంబరు ఉదయం సరిపోయిన గేట్, బీదర్ మే మధ్యాహ్నానికి సరిపోదు. ప్రతి చోటుకీ, ప్రతి ఉష్ణోగ్రతకీ సంఖ్య మళ్ళీ వేసుకోవాల్సిందే.

గాలి పీడనాన్ని బట్టి ఎత్తు చూపే ఆల్టీమీటర్ ఇంకో ఉచ్చు. దాన్ని రెండు రకాలుగా పెట్టుకోవచ్చు: రన్‌వే మీద సున్నా చూపేలా, లేదా సముద్ర మట్టం నుంచి ఎత్తు చూపేలా. ఏదైనా సరే, జట్టంతా ఒకే పద్ధతి పాటించాలి. పీడనం ఒక హెక్టోపాస్కల్ తప్పుగా పెడితే ముప్ఫై అడుగుల దాకా తేడా వస్తుంది. 2003 సెప్టెంబర్ 14న అమెరికాలో మౌంటెన్ హోమ్ స్థావరంలో థండర్‌బర్డ్స్ ఎఫ్-16 ఒకటి, పైకి లేచి తల్లకిందులై కిందికి లాగే స్ప్లిట్-ఎస్ మొదలుపెట్టింది. పైలట్ మనసులో ఉన్న సంఖ్య తమ సొంత స్థావరం నెల్లిస్‌ది. మౌంటెన్ హోమ్ నేల దానికంటే వెయ్యి అడుగులకి పైగా ఎత్తు. నేల నుంచి 2,500 అడుగులు ఉండాల్సింది, 1,670 దగ్గరే తిప్పేశాడు. నేలకి 140 అడుగుల ఎత్తున సీటుతో బయటపడి బతికాడు. ఆ తర్వాత ఆ విన్యాసానికి మరో వెయ్యి అడుగులు కలిపారు. రేడియోలో చెప్పే ఎత్తు కూడా సముద్ర మట్టం నుంచే చెప్పాలన్నారు, గాల్లో కూడికలు తీసివేతలు చేసే అవసరమే లేకుండా. 15 అడుగుల ఎత్తున్న తీరం నుంచి 2,000 అడుగుల దుండిగల్‌కి వచ్చే జట్టు ఈ కథని బాగా చదువుకోవాలి.

జనం ఎక్కడ నిలబడాలన్న సంగతికి వద్దాం. 1952 సెప్టెంబర్ 6, ఫార్న్‌బరో. డీహెచ్-110 అనే కొత్త విమానం ధ్వని వేగం దాటి దిగి, తక్కువ ఎత్తున వేగంగా మలుపు తిరుగుతూ గాల్లోనే విరిగిపోయింది. రెక్క ముందంచు నిర్మాణం ఆ బరువుకి తట్టుకోలేదు. అందులోని ఇద్దరు, చూస్తున్నవాళ్ళలో 29 మంది చనిపోయారు. విమానం విరిగినా ఇంజిన్ లాంటి ముక్కలు అక్కడే ఆగవు, ముందుకే పోతాయి. 450 నాట్ల వేగంతో, 500 అడుగుల ఎత్తున ఒక ముక్క ఊడిందనుకోండి. గాలి నిరోధం లెక్కలో వేయకపోతే అది 1,300 మీటర్ల దూరం పోయి పడుతుంది. ఆ ప్రమాదం తర్వాత బ్రిటన్‌లో, జెట్లు తిన్నగా పోతే జనానికి 230 గజాలు, విన్యాసం చేస్తే 450 గజాలు, ఎత్తు 500 అడుగులకి తగ్గకూడదని నియమం పెట్టారు. మంచి నియమమే. కానీ 1,300 మీటర్ల ముందు 450 గజాలు ఎంత? కాబట్టి దూరం కంటే దిశ ముఖ్యం. విమానం ముక్కు జనం వైపు తిరిగి ఉండగా భారమైన విన్యాసం చేయకూడదు.

ఆ సంగతి 1988 ఆగస్టు 28న జర్మనీలోని రామ్‌స్టైన్‌లో రుజువైంది. ఫ్రెచ్చె త్రికొలోరి పది విమానాలతో బాణం గుచ్చుకున్న హృదయం ఆకారం వేస్తోంది. తొమ్మిది విమానాలు రెండు గుంపులుగా విడిపోయి హృదయం గీస్తాయి, పదోది దాని మధ్యలోంచి దూసుకు రావాలి. ఆ రావడం జనం వైపుకే. ఆ ఒంటరి విమానం కలిసే చోటుకి తప్పు ఎత్తులో చేరింది. మూడు విమానాలు ఢీకొన్నాయి, ఒకటి మండుతూ జనం మీదికి వచ్చింది. 70 మంది పోయారు. ఆ విన్యాసాన్నే రన్‌వేకి సమాంతరంగా గీసి ఉంటే ఆ ముక్కలు చాలావరకు ఖాళీ మైదానంలో పడి ఉండేవి. ఇది నా గట్టి నమ్మకం.

గాలి కూడా విమానాన్ని జనం మీదికి నెడుతుంది. 20 నాట్ల గాలి జనం వైపు వీస్తుంటే, లూప్ పూర్తయ్యే 25 సెకన్లలో మొత్తం గుంపు 250 మీటర్లు పక్కకి జరుగుతుంది. జనానికి దూరంగా పెట్టుకున్న ప్రదర్శన గీత మీద మొదలుపెట్టినవాడు జనం నెత్తిన ముగిస్తాడు. అందుకని లీడర్ గాలికి ఎదురుగా ముందే అంత దూరం జరిగి మొదలుపెడతాడు.

మన ఊళ్ళో బేగంపేట గురించి చెప్పకుండా వెళ్ళలేను. 2010 మార్చి 3న అక్కడి విమానయాన ప్రదర్శనలో నౌకాదళ జట్టు సాగర్ పవన్‌కి చెందిన కిరణ్ ఒకటి బోయినపల్లిలో ఒక భవనం మీద కూలింది. అందులోని ఇద్దరు అధికారులూ చనిపోయారు, కింద ఉన్నవాళ్ళకీ దెబ్బలు తగిలాయి. ప్రేక్షకుల గీత ఎంత జాగ్రత్తగా గీసినా, చుట్టూ ఇళ్ళున్న చోట ఆ గీతకి అవతల ఉన్నవాళ్ళు టికెట్ కొని వచ్చినవాళ్ళు కారు. నగరం మధ్యలో తక్కువ ఎత్తున విన్యాసాలు వద్దని నేను ఎప్పుడూ అంటాను.

పొగ గురించి పిల్లలు తప్పకుండా అడుగుతారు. అది కాలిన పొగ కాదు. ఇంజిన్ వెనక, టర్బైన్ దాటాక, వేడి వాయువులోకి డీజిల్ చిమ్ముతారు. అది ఆవిరై, చల్లగాలి తగలగానే సన్నని తుంపరగా మారి తెల్లగా కనిపిస్తుంది. రంగు కావాలంటే డీజిల్‌లో రంగు కలుపుతారు. రెడ్ యారోస్ నాట్ తర్వాత వాడిన హాక్ విమానంలో తెల్లది అయిదు నిమిషాలకి, ఎరుపు, నీలం ఒక్కో నిమిషానికి సరిపోతాయి. ఆఫ్టర్‌బర్నర్ (ఇంజిన్ వెనక అదనంగా ఇంధనం మండించి తోపు పెంచేది) వెలిగించిన విమానంలో ఇది పని చేయదు, డీజిల్ మండిపోతుంది. పొగ అందానికి మాత్రమే అనుకోకండి. లీడర్ తన పాత పొగ ఎటు కొట్టుకుపోతోందో చూసి గాలిని అంచనా వేస్తాడు. ఎదురెదురుగా వచ్చే జంట ఒకరినొకరు ముందుగా కనిపెట్టేది పొగతోనే.

ఆ ఎదురెదురు జంటకి ఒక ఒప్పందం ఉంటుంది. ఇద్దరిలో ఒకడు గీత మీద తిన్నగా పోతాడు, ఏం జరిగినా పక్కకి జరగడు. తప్పుకునే బాధ్యత పూర్తిగా రెండోవాడిది. ఇద్దరూ తప్పుకోబోతే ఇద్దరూ ఒకే వైపు రావచ్చు. చెరి 300 నాట్లంటే సెకనుకి 300 మీటర్లకి పైగా దగ్గరవుతారు. ఇక 20 నాట్ల గాలి గీత వెంట వీస్తే, చెరో మూడు కిలోమీటర్ల దూరం నుంచి బయల్దేరినవాళ్ళు జనం మధ్యకి కాకుండా 200 మీటర్లు పక్కన కలుస్తారు. అందుకే గాలికి ఎదురు వచ్చేవాడు ముందుగా బయల్దేరతాడు.

మబ్బు పడితే ఏం చేస్తారు? ప్రతి జట్టుకీ మూడు కార్యక్రమాలు సిద్ధంగా ఉంటాయి. రెడ్ యారోస్ పద్ధతిలో మబ్బు అడుగు 4,500 అడుగులకి పైన ఉంటే లూప్‌లతో పూర్తి ప్రదర్శన. 2,500కి పైన ఉంటే రోల్స్ (పక్కకి దొర్లుతూ తిరగడం) మాత్రమే. అంతకంటే దిగువైతే మలుపులు, ఆకారాలు. ఇందాక మనం వేసిన 3,700 అడుగుల లెక్క గుర్తుంటే ఆ 4,500 ఎందుకో అర్థమవుతుంది.

(సభలో ఒకరు: సూర్యకిరణ్‌ని 2011లో ఎందుకు ఆపేశారు? మళ్ళీ మొదలుపెట్టినప్పుడు వెంటనే తొమ్మిదితో ఎందుకు రాలేదు?)

మంచి ప్రశ్న. ప్రాథమిక శిక్షణ విమానం హెచ్‌పీటీ-32ని 2009లో నేలకి దించేశారు. శిక్షణకి విమానాల కొరత వచ్చింది, కిరణ్‌లు అక్కడికి కావాల్సి వచ్చాయి. జట్టు ఆగింది. 2015లో హాక్ మార్క్-132తో చిన్న జట్టుగా మళ్ళీ మొదలుపెట్టి, మెల్లగా తొమ్మిదికి తెచ్చారు. హాక్‌లో సీట్లు ముందూ వెనకా. కిరణ్‌లో కుడి ఎడమలకి వేరుగా ఉన్న గుర్తులన్నీ కొత్తగా రాసుకోవాలి. ముందు రెండు విమానాలతో, ఎక్కువ ఎత్తున. అది కుదిరాక మూడు. తర్వాత వజ్రం. ప్రతి మెట్టు దగ్గరా ఎత్తు కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. ప్రతి సార్టీనీ (ఒకసారి ఎగిరి దిగడాన్ని) కింద నుంచి వీడియో తీసి, దిగగానే అందరూ కూర్చుని ఒక్కో బొమ్మ ఆపి చూస్తారు. ఎవరి చోటు ఎంత తప్పిందో ర్యాంకుతో పని లేకుండా చెప్పుకుంటారు, లీడర్ తప్పుతో సహా. ఏడో నంబరు స్థిరంగా లేకపోతే ఎనిమిదో నంబరుని చేర్చరు, ఎందుకంటే ఎనిమిదోవాడు ఏడోవాడి మీదుగానే లీడర్‌ని చూడాలి.